ముత్తాత నాటి పది డాలర్ల నోటు, మీద "నేషనల్ కరెన్సీ" అని ఉంది. దీని అసలు రేటు ఎంత?

సింగరాయకొండ_సీను:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల ఊళ్లో మా పాత పెంకుటిల్లు దించేస్తూ నాయనమ్మ భోషాణం ఖాళీ చేశాం. అడుగున రెండు ఇత్తడి చెంబులు, చిరిగిన పట్టుచీర ఒకటి, కలరా ఉండల వాసన కొడుతున్న తెలుగు బైబిలు ఒకటి దొరికాయి. ఆ బైబిల్లో నాలుగు మడతలు పెట్టిన అమెరికా పది డాలర్ల నోటు ఉంది. దానికి గుండుసూది గుచ్చి పెట్టారు, ఆ సూది తుప్పు పట్టి కాగితం మీద చింతగింజంత మచ్చ పడింది. నాయనమ్మ వాళ్ల నాన్న ఒంగోల్లో మిషన్ బంగళాలో వంట చేసేవాడంట. అక్కడి దొరసాని ఒకావిడ సెలవు మీద అమెరికా పోతూ ఆయన చేతిలో పెట్టి వెళ్లిందని మా అమ్మ విన్న మాట. ఏ దొరసాని, ఏ సంవత్సరం అనేది ఇప్పుడు చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

నోటు ఇప్పటి డాలరు సైజులోనే ఉంది. పైన నేషనల్ కరెన్సీ అని, 1929 సిరీస్ అని, మధ్యలో హామిల్టన్ బొమ్మ. ముద్ర, నంబర్లు గోధుమరంగులో ఉన్నాయి. ఎడమ పక్క ఒక బ్యాంకు పేరు, ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక ఊరి పేరు నల్ల అక్షరాల్లో ఉన్నాయి.

నెల్లూరులో పాత సామాన్లు కొనే ఆయన ఒకరు 3000 ఇస్తానన్నాడు. పది డాలర్లంటే వెయ్యి లోపే కదా, మూడింతలు వస్తుంటే ఇచ్చేద్దామనిపించింది. కానీ యూట్యూబ్‌లో ఒకాయన ఇట్టాంటి నోటు చూపించి 5 లక్షలు అంటున్నాడు. మా బావేమో ముందు లామినేషన్ చేయిద్దాం, లేకపోతే పొడి పొడి అయిపోద్ది అంటాడు. మా అమ్మకి ఇంకో టెన్షన్, ఇంట్లో డాలర్లు ఉంటే పోలీసులు పట్టుకుంటారేమోనని. తెలిసినవాళ్లు చెప్పండి, ఏం చేయమంటారు?

కావలి_కాకి:

నంబర్లో 786 ఉందా లేదా అది చెప్పు ముందు 😄

సరదాకి అన్నాలే. లామినేషన్ మాత్రం చేయించొద్దు సీనూ, కాళ్లు పట్టుకుంటా. మా నాన్న దగ్గర 1954 నాటి వెయ్యి రూపాయల నోటు ఉండేది, తంజావూరు గుడి బొమ్మ ఉంటుంది చూడు, 1978 జనవరిలో రద్దు చేశారే, అది. ఎందుకు మార్చలేదో, ఎవరికి భయపడి దాచాడో మాకు తెలీదు. రెండేళ్ల కింద నాన్న దాన్ని భద్రంగా ఉంచాలని బస్టాండ్ పక్క జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. ఆ తర్వాత ఒక సేకరణదారు చూసి, ఒక్క నిమిషం మాట్లాడకుండా నిలబడి, "అయ్యో" అని మాత్రం అని వెళ్లిపోయాడు. అంతే, రేటు కూడా చెప్పలేదు. వేడికి ఆ ప్లాస్టిక్ కాగితంలోకి దిగిపోయింది, ఇక ఊడదు. నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు నేను.

పాతనోట్ల_పిచ్చోడు:

సీనూ, ముందు ఆ నోటు మీద చెయ్యి తియ్యి. కడగొద్దు, ఇస్త్రీ పెట్టొద్దు, మడతల మీద టేపు అంటించొద్దు. ఆ తుప్పు మచ్చని నిమ్మరసంతో పోగొట్టేద్దాం అనే మహానుభావులు మీ ఇంట్లో ఉంటే వాళ్ల కంట పడకుండా దాచు. అది కడిగారో లేదో గ్రేడింగ్ చేసేవాళ్లు, అంటే నోటు ఎంత బాగుందో చూసి మార్కులేసేవాళ్లు, చూడగానే పట్టేస్తారు, మచ్చ కంటే కడిగిన నోటుకే ఎక్కువ రేటు పడిపోద్ది.

ఇక అసలు విషయం. అమెరికాలో 1863లో ఒక చట్టం తెచ్చి, ఊరూరా ఉండే ప్రైవేటు బ్యాంకులకి చార్టర్, అంటే లైసెన్సు లాంటిది, ఇచ్చి వాటి పేరుతోనే నోట్లు వదలనిచ్చారు. వాటినే నేషనల్ బ్యాంక్ నోట్లు అంటారు. 1935 దాకా నడిచింది ఈ పద్ధతి. మన కందుకూరు బ్యాంకు, పొదిలి బ్యాంకు, ఉదయగిరి బ్యాంకు ఎవరి పేరుతో వాళ్లు నోట్లు వదులుకుంటే, అవన్నీ ఢిల్లీలో కూడా చెల్లితే ఎట్టా ఉంటుందో ఊహించుకో, అదే ఇది. అట్టా నోట్లు వదిలిన బ్యాంకులు 12 వేల పైచిలుకు. అందుకే "1929 పది డాలర్ల నోటు రేటు ఎంత" అని అడిగితే నేనే కాదు, ఎవడూ చెప్పలేడు. హామిల్టన్ బొమ్మ అన్నిటి మీదా ఒకటే. డబ్బంతా ఆ ఎడమ పక్క నల్ల అక్షరాల్లో ఉంది, ఏ బ్యాంకు, ఏ ఊరు అనే దాంట్లో. షికాగో, న్యూయార్క్ లాంటి మహానగరాల బ్యాంకులవి బోలెడు మిగిలాయి. రెండు వేల జనాభా ఉన్న పల్లెటూరి బ్యాంకు అయితే ఇప్పటిదాకా బయటపడినవి రెండో మూడో ఉండొచ్చు, అప్పుడు ఆ నోటు ఎంత నలిగినా కొనేవాడు కొంటాడు.

నువ్వు చూసి చెప్పాల్సింది ఇది. బొమ్మకి అటూ ఇటూ లావాటి నల్ల అంకెలు ఉంటాయి, ఒకే నంబరు రెండు చోట్ల. అది చార్టర్ నంబరు, బ్యాంకుకి ఆధార్ నంబర్ లాంటిది అనుకో. అదే నంబరు మళ్లీ గోధుమరంగులో సీరియల్ నంబర్ పక్కన కూడా అచ్చయి ఉంటే అది టైప్ 2, అంటే 1933 నుంచి వచ్చిన రకం. నలుపు మాత్రమే ఉంటే టైప్ 1. టైప్ 2 కొద్ది కాలమే వచ్చాయి కాబట్టి చాలా బ్యాంకులకి అవే తక్కువ దొరుకుతాయి, అన్నిటికీ అట్టాగే అని మాత్రం అనుకోకు. 1929 అని ఉంది కదా అని ఆ ఏడాదే అచ్చయిందనీ అనుకోవద్దు, అది డిజైన్ సంవత్సరం, 1935 దాకా అదే వేశారు.

సీరియల్ నంబర్ కూడా చెప్పు, చివరి అంకెలు దాచేసి. బ్యాంకు పేరు ఇక్కడ పెట్టకు, నాకు విడిగా మెసేజ్ చెయ్యి.

ఆ బైబిల్ పేజీలన్నీ ఒక్కొక్కటీ తిప్పి చూడు. 1929కి ముందు నోట్లు పెద్దవి, దాదాపు 19 సెంటీమీటర్ల పొడుగు. వాటిలో ఎర్ర ముద్ర ఉన్న 1902 సిరీస్ గనక ఇంకో పేజీలో ఉంటే మనిద్దరం వేరే భాషలో మాట్లాడుకోవాలి.

ఒంగోలు_గిత్త:

పిచ్చోడన్నా ఒక ముఖ్యమైన ముక్క వదిలేశాడు, నేను దెబ్బతిన్నాను కాబట్టి చెప్తున్నా. గోధుమరంగు ముద్ర, 1929, పైన నేషనల్ కరెన్సీ, ఇవన్నీ ఉండి కూడా అది నేషనల్ బ్యాంక్ నోటు కాకపోవచ్చు. నా దగ్గర ఇరవై డాలర్లది అచ్చం ఇట్టాంటిదే ఉంది. మూడు రాత్రులు నిద్రపోలేదు నేను, మా ఆవిడకి గాజులు కూడా మాటిచ్చేశా. చివరికి చూస్తే బ్యాంకు పేరు ఉండాల్సిన చోట ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ షికాగో అని ఉంది (ఫెడరల్ రిజర్వ్ అంటే మన రిజర్వ్ బ్యాంకు లాంటిది), చార్టర్ నంబర్ ఉండాల్సిన చోట పెద్ద జి అక్షరం. 1933లో అక్కడ బ్యాంకులు వరసగా మూతపడుతుంటే డబ్బు కొరత తీరడానికి ఈ చిన్న బ్యాంకుల నోట్ల అచ్చులే వాడి ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుల పేరుతో గబగబా వేశారంట. అందుకే కవల పిల్లల్లా ఉంటాయి. అవి కుప్పలుగా దొరుకుతాయి, ముఖవిలువ కంటే కొంచెం ఎక్కువ వస్తుంది, అంతే. గాజులు ఇంకా బాకీ.

సీనూ, నల్ల అంకెలు ఉన్నాయా, అక్షరం ఉందా చూడు ముందు.

సింగరాయకొండ_సీను:

అక్షరం లేదన్నా, అంకెలే! నాలుగంకెల నంబరు, రెండు చోట్ల, రెండూ నలుపే. గోధుమరంగులో ఆ నంబరు ఎక్కడా లేదు. అంటే టైప్ 1 అన్నమాట. సీరియల్ ముందు సి, తర్వాత 0004, తర్వాత రెండంకెలు దాచా, చివర ఎ. బైబిల్ రెండుసార్లు తిప్పాను, ఎండిన వేపాకులు, 1958 నాటి ఒక రైలు టికెట్ తప్ప ఏమీ లేదు.

మరి ఆ సి ఏంది? నంబరు చిన్నది కదా, దానికేమైనా ఎక్కువ వస్తుందా?

పాతనోట్ల_పిచ్చోడు:

టైప్ 1 నోట్లు ఆరేసి నోట్లున్న షీటుగా వచ్చేవి. ఆరింటికీ ఒకే నంబరు, ముందు అక్షరం మాత్రం ఎ నుంచి ఎఫ్ దాకా మారుద్ది. నీది నాలుగొందల పైచిలుకు షీటులో పైనుంచి మూడోది. అంటే నీ నోటు దాకా ఆ బ్యాంకు పది డాలర్లవి ఎంత లేదన్నా రెండు వేల నాలుగొందల దాకా వదిలింది. మన కంటికి చిన్న నంబరుగా కనపడుద్ది గానీ ఇందులో చిన్న అంటే 1. మొదటి షీటు నోట్లకి పిచ్చి గిరాకీ ఉంటుంది, ఆ తర్వాత 10 లోపు వాటికి కొంత ముద్దు ఉంటుంది. నాలుగొందలకి ఏమీ లేదు.

నువ్వు పంపిన పేరు చూశాను. ఊరు చిన్నదే. కానీ బ్యాంకు అంత చిన్నది కాదు, ఈ నోట్లు సేకరణదారుల లెక్కల్లో పదుల్లో నమోదై ఉన్నాయి. ఆశ పెట్టుకున్నంత కాదు, తీసిపారేసేది కూడా కాదు. డల్లాస్ తమ్ముడు ఎక్కడున్నాడు, వేలం రికార్డులు తీసి చెప్పు నాయనా, అక్కడ నీకు పగలేగా.

డల్లాస్_లో_దర్శి:

ఉన్నా అన్నా, మీటింగ్‌లో ఉండి చదువుతున్నా 😀

సీను గారూ, యూట్యూబ్ 5 లక్షల గురించి మొదట. ఈబేలో ఎవడైనా పది డాలర్ల నోటుకి పదివేల డాలర్లు రేటు పెట్టొచ్చు, పెట్టడానికి పైసా ఖర్చు లేదు. మీరు చూడాల్సింది అమ్ముడుపోయినవి. ఈబేలోనే సోల్డ్ ఐటమ్స్ అని ఫిల్టర్ ఉంటుంది, అది నొక్కితే అయిదు లక్షల నోట్లన్నీ ఎటు పోతాయో కనపడవు. దానికంటే నమ్మకమైనది పెద్ద వేలం సంస్థల పాత రికార్డులు. హెరిటేజ్, స్టాక్స్ బోవర్స్ రెండూ పాత వేలాల రేట్లు, ఫోటోలతో సహా పెడతాయి. హెరిటేజ్‌లో లాగిన్ అడుగుద్ది, అదీ ఉచితమే. వెతికేటప్పుడు ఊరి పేరుతో పాటు చార్టర్ నంబర్ కొట్టండి. ఒకే ఊళ్లో ఫస్ట్ నేషనల్ బ్యాంక్ అని ఒకటి మూతపడి, అదే పేరుతో ఇంకోటి కొత్త చార్టర్‌తో తెరిచిన సందర్భాలు ఉన్నాయి, పేరు నమ్ముకుంటే తప్పు బ్యాంకు రేటు చూసి మురిసిపోతారు. నాకు ఒకసారి అయింది.

మీ బ్యాంకుది అన్న నాకు పంపాడు. గత పదేళ్లలో పది డాలర్ల టైప్ 1లు నాలుగైదు వేలానికి వచ్చాయి. నలగని నోటు ఒకటి బాగానే పలికింది, మిగతావి, అంటే జేబుల్లో తిరిగిన నోట్లు, వంద డాలర్లకి అటూ ఇటూ పోయాయి. మీ నోటు ఫోటో చూశా, నాలుగు మడతలు, రెండు సూది బెజ్జాలు, తుప్పు. ఫైన్ గ్రేడ్ అనుకోవచ్చు, పేరుకి ఫైన్ గానీ బాగా చేతులు మారిన నోటు అని అర్థం. నన్నడిగితే 70, 80 డాలర్లు, ఎవరైనా ఇల్లినాయ్ సేకరణదారుడికి ఆ ఊరు కావాల్సి వస్తే ఇంకొంచెం.

మనవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. మన బ్యాంకుల్లో కట్టలకి పిన్ను కొట్టేవాళ్లు కాబట్టి ఇండియా పాత నోట్లలో బెజ్జాలని ఎవరూ పెద్ద తప్పుగా చూడరు. ఇక్కడ అట్టా కాదు, బెజ్జం కనపడితే గ్రేడింగ్ చేసి వేసే లేబుల్ మీద రాసేస్తారు, రేటు ఆ మేరకి దిగుద్ది. పీఎంజీ, పీసీజీఎస్ అనే గ్రేడింగ్ సంస్థల వాళ్లు 70 మార్కుల స్కేలు మీద గ్రేడు ఇస్తారు, కానీ ఫీజు, రానూ పోనూ పోస్టు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపితే మీ నోటు విషయంలో చింతకాయల కంటే గంప ఖరీదు ఎక్కువ. గ్రేడింగ్‌కి పంపొద్దు.

కావలి_కాకి:

అంటే నెల్లూరు ఆయన 3000 అన్నది మోసమేనా కాదా? 80 డాలర్లంటే 7000 దాకా అవుద్ది కదా.

పాతనోట్ల_పిచ్చోడు:

మోసం అని నేననను. ఆయన కొని నెల్లూరులో ఎవరికి అమ్ముతాడు చెప్పు, పెన్నా ఇవతల ఇల్లినాయ్ పల్లెటూళ్ల నోట్లు సేకరించేవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. ఆయనా ఎక్కడో హైదరాబాదులోనో మద్రాసులోనో ఇంకొకరికి ఇవ్వాలి, వాళ్లు అమెరికా వాడికి ఇవ్వాలి. సగం లోపు అడగడం వ్యాపారం. అసలు మోసం వేరే ఉంది. "మీ నోటుకి 12 లక్షలు ఓకే అయింది, జీఎస్టీ కింద ముందు 8 వేలు కట్టండి" అని ఫోన్ వస్తుంది, రిజర్వ్ బ్యాంకు బొమ్మతో సర్టిఫికెట్ కూడా వాట్సాప్‌లో పంపుతారు. రిజర్వ్ బ్యాంకు 2021లోనే చెప్పింది, పాత నోట్లు, నాణేల వ్యవహారాల్లో మేము లేము, ఎవరి దగ్గరా ఫీజులు అడగము అని. సీనూ, నువ్వు ఆ యూట్యూబ్ వీడియో కింద నీ ఫోన్ నంబర్ పెట్టలేదు కదా?

సింగరాయకొండ_సీను:

పెట్టానన్నా. 😐 నిన్న ఒకటి, ఇవాళ రెండు కాల్స్ వచ్చాయి. హిందీలో మాట్లాడారు.

పాతనోట్ల_పిచ్చోడు:

కామెంట్ తీసెయ్, నంబర్లు బ్లాక్ చెయ్. నోటు ఫోటో కూడా వాళ్లకి పంపొద్దు.

పెన్నాగట్టు:

నేను బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను, నాకు తోచింది రెండు ముక్కలు చెప్తాను. అమ్మగారిని భయపడొద్దని చెప్పు నాయనా. బయటి దేశం మనిషి బహుమతిగా ఇచ్చిన విదేశీ నోట్లు మొత్తం 2000 డాలర్ల విలువ మించకుండా మన దగ్గర ఉంచుకోవచ్చు, ఫెమా అనే విదేశీ మారకద్రవ్య చట్టం నిబంధనల్లో ఉంది. పది డాలర్ల నోటుకి ఎవరూ రారు. పైగా ఆ నోటు అమెరికాలో ఇప్పటికీ చెల్లుతుంది. 1861 నుంచి వాళ్లు వదిలిన నోటు ఏదైనా ముఖవిలువకి తీసుకుంటారు. మన వెయ్యి నోటు గతి పట్టదు దానికి.

ఇంతకీ పల్లెటూరి బ్యాంకు నోటుని జనం ఎట్టా నమ్మారని అడగరేమయ్యా మీరెవరూ? నాకు మొదట వచ్చిన సందేహం అదే. ఆ బ్యాంకు ముందు అమెరికా సర్కారు బాండ్లు కొని వాటిని ట్రెజరీలో పూచీగా పెట్టాలి. ఆ బాండ్ల విలువని బట్టే నోట్లు ఇచ్చేవాళ్లు, మొదట్లో నూటికి తొంభై, 1900 తర్వాత నూటికి నూరు. బ్యాంకు మునిగినా నోటు పట్టుకున్నవాడు మునగడు. 1935లో ఆ పూచీకి పనికొచ్చే బాండ్లని సర్కారు వెనక్కి పిలిచేసింది, దాంతో నోట్లూ ఆగిపోయాయి. ఎవరూ నిషేధించలేదు, కింద పీట లాగేశారు.

ఇక ఒంగోలు మిషన్ అన్నావు కాబట్టి. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరుకి 1840లోనే వచ్చారు, ఒంగోలుకి క్లౌ దొర 1866లో వచ్చాడు. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి చూపించాడని మా తాత చెప్పేవాడు, పుస్తకాల్లో కూడా ఉంది. ఆ తర్వాత బడులు, ఆస్పత్రి, ఎంతమంది దొరలు దొరసానులు వచ్చి పోయారో. మీ ముత్తాత నాటికి అంటే 1930ల్లో, ఇల్లినాయ్ నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉండి ఉంటారు. ఆ బైబిలు మొదటి పేజీలో ఏమైనా రాసి ఉందా?

సింగరాయకొండ_సీను:

ఉంది సార్, మీరు అడిగాక కిటికీ దగ్గర పెట్టి చూశాను. పెన్సిల్‌తో ఇంగ్లీషులో, చాలా పలచగా. పేరు చెరిగిపోయింది, ఇంటిపేరు మొదటి అక్షరం బి లాగా ఉంది. కింద ఊరి పేరు స్పష్టంగానే ఉంది. నాకు ఒళ్లు జలదరించింది, నోటు మీద ఊరే అయ్యుంటుందని. తీరా చూస్తే అది కాదు, ఓహాయోలో ఏదో ఊరు. ఇల్లినాయ్ నోటు ఓహాయో ఆవిడ దగ్గరికి ఎట్టా వచ్చిందో, అసలు నోటూ బైబిలూ ఒకరే ఇచ్చారో లేదో.

డల్లాస్_లో_దర్శి:

అందులో వింతేం లేదు, ఈ నోట్లు దేశమంతా తిరిగేవి. ఓడెక్కే ముందు చిల్లరలో వచ్చి ఉంటుంది. అయినా ఆ పేజీ ఫోటో తీసి, నోటుతో పాటు దొరికిన తీరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, మీ అమ్మ చెప్పిన మాటతో సహా. రేటు పెద్దగా పెరగదు, కానీ నేను కొనేవాడినైతే అది కావాలంటాను. చర్చి రికార్డుల్లో ఓహాయో ఊరు పట్టుకుని వెతికితే ఆవిడ పేరు తేలొచ్చు.

ఒంగోలు_గిత్త:

మా ఇంటి నుంచి జూయెట్ చర్చి దగ్గరే, అక్కడ ఒక పెద్దాయన నాకు తెలుసు. ఆదివారం అడిగి చెప్తా. ఆ పేజీ ఫోటో పంపు.

సింగరాయకొండ_సీను:

పంపుతున్నా అన్నా. నోటు అమ్మొద్దని అమ్మ తేల్చేసింది, 7000 అని చెప్పాక ఇంకా గట్టిగా. నెల్లూరాయన పొద్దున ఫోన్ చేసి 4500 అన్నాడు, లేదని చెప్పా. బావ మాత్రం లామినేషన్ అంటూనే ఉన్నాడు. మరి దేంట్లో పెట్టుకోవాలి దీన్ని? మళ్లీ బైబిల్లోనే పెట్టేయనా?

పాతనోట్ల_పిచ్చోడు:

బైబిల్లో వద్దు, ఆ పాత కాగితంలో పులుపు, అంటే యాసిడ్, ఉంటుంది, నోటు పసుపెక్కుద్ది. మామూలు పీవీసీ కవర్లు కూడా వద్దు, కొన్నేళ్లకి జిగురు జిగురుగా అయి నోటుకి అంటుకుంటాయి. మైలార్ కవర్ అని అడుగు, స్టాంపులు, నాణేల సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర ఉంటాయి, ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి. మడతలు విప్పి అట్టనే పెట్టు, బలవంతంగా చదును చెయ్యొద్దు. సముద్రపు గాలి తగిలే ఇల్లయితే బీరువాలో పై అరలో, సిలికా పొట్లం ఒకటి పక్కన వేసి. ఆ తుప్పు గుండుసూది ఇంకా గుచ్చే ఉందా?

సింగరాయకొండ_సీను:

ఉందన్నా. తియ్యాలా? లాగితే చిరుగుద్దేమోనని భయంగా ఉంది.

పాతనోట్ల_పిచ్చోడు:

తియ్యాలి, ఉంచితే మచ్చ పెరుగుద్ది. లాగొద్దు. నోటు బల్ల మీద పెట్టి, కాగితాన్ని కదలకుండా వేలితో నొక్కి, సూదిని గుచ్చిన దారినే మెల్లగా తిప్పుతూ వెనక్కి తెచ్చుకో. నీళ్లు, నూనె ఏదీ వెయ్యొద్దు. మీ బావని ఆ గదిలో ఉండనీకు.